రోడ్డు మధ్యలో ఓ సిలువ

ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పేరుకు తగ్గట్టే విశాలంగా ఉంది. ఒకవైపు వందల ఏళ్ళనాటి రాతి కాలేజీలు, ఇంకోవైపు పుస్తకాల షాపులు, రంగురంగుల దుకాణాలు. వచ్చిన టూరిస్టులంతా తలలెత్తి గోపురాలు చూస్తున్నారు. మేమిద్దరం మాత్రం చిల్లర పారేసుకున్నవాళ్ళలా తలలు వంచుకుని రోడ్డు వెతుకుతున్నాం.

బేలియల్ కాలేజీ ఎదురుగా కనిపించింది. తారు రోడ్డులో పొదిగిన రాళ్ళు. వాటి అమరికే ఓ సిలువ. ఇంటి ముందు మనం వేసే ముగ్గుకన్నా పెద్దది కాదు. చుట్టూ కంచె లేదు, దీపం లేదు. సైకిళ్ళు దానిమీంచే పోతున్నాయి. ‘‘అక్కా, నాలుగేళ్ళుగా ఈ దారినే ఆఫీసుకు పోతున్నా. ఒక్కసారి కూడా చూడలేదు’’ అంది మా పిన్ని కూతురు కాస్త సిగ్గుపడుతూ.

నాకూ తెలిసేది కాదు, నంద్యాలలో మా సార్ చెప్పకపోయుంటే. రిటైరయ్యాక మా వీధి పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేవారాయన. ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు. 2025 సెప్టెంబరులో నా ప్రయాణం సంగతి తెలిసి కబురు పెట్టారు. ‘‘ఆక్స్‌ఫర్డుకు పోతాండావంట గదా పాపా. ఆడ బ్రాడ్ స్ట్రీట్‌లో నేలమీద ఒక సిలువ ఉంటాది. దాని ఫొటో ఒకటి తీసుకురా’’ అన్నారు. ఎందుకని అడిగితే, ‘‘మా నాయన మా చిన్నాయనతో ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే గుడిలో కూర్చోలా. ఆ కొట్లాట మొదలైంది ఆడనే’’ అన్నారు.

నంద్యాలలో అన్నదమ్ముల తగాదాకు ఆక్స్‌ఫర్డ్‌లో మొదలా! ఆ మాటే నన్ను అయిదు రోజులు ఆ ఊళ్ళో తిప్పింది.

పీఠమా... బల్లా?

మన ఊళ్ళలో కేథలిక్కుల గుడికీ, మిగతావారి చర్చికీ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. అక్కడ మరియమాత విగ్రహం, కొవ్వొత్తులు, సాంబ్రాణి, ఫాదర్‌గారు, పూజ. ఇక్కడ విగ్రహాలుండవు. బైబిలు, పాటలు, అయ్యగారి ప్రసంగం. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే చోటును వాళ్ళు ‘బలిపీఠం’ అంటే, వీళ్ళు ‘బల్ల’ అంటారు. ఆ రెండు మాటల్లోనే అసలు గొడవంతా ఉంది. పీఠం అంటే అక్కడ బలి అర్పిస్తున్నట్టు. బల్ల అంటే కూర్చుని జ్ఞాపకం చేసుకుంటున్నట్టు.

ఇంగ్లండు చర్చిని ఏ గట్టున కట్టాలో మాత్రం ఎవరూ తేల్చలేకపోయారు. ఆంగ్లికన్లు అని పిలిచే వీళ్ళకు బిషప్పులున్నారు, కేథెడ్రళ్ళున్నాయి. పోప్ మాత్రం లేడు. ‘మేం రెంటికీ మధ్య దారి’ అంటారు కొందరు. ‘అసలైన పాత కేథలిక్కులం మేమే’ అని ఇంకొందరు, ‘మేం పక్కా ప్రొటెస్టెంట్లం’ అని మరికొందరు. అందరూ ఒకే చర్చి సభ్యులే!

ఇందులోని తిరకాసు జేబులోనే దొరుకుతుంది. టీ తాగాక షాపువాడిచ్చిన పౌండు నాణెం చూడండి. రాజుగారి బొమ్మ చుట్టూ పేరుతోపాటు ‘ఎఫ్, డి’ అని రెండక్షరాలుంటాయి. ‘విశ్వాస రక్షకుడు’ అనే లాటిన్ బిరుదుకు పొడి అక్షరాలవి. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్‌ను ఖండిస్తూ పుస్తకం రాసినందుకు ఎనిమిదో హెన్రీకి 1521లో పోప్ ఇచ్చిన బిరుదది. పదమూడేళ్ళు తిరక్కుండానే, మొదటి భార్యతో పెళ్ళి రద్దు చేయలేదని అదే హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకుని, 1534లో ఇంగ్లండు చర్చికి తానే అధిపతినని చట్టం చేయించాడు. పోప్ పోయాడు, పోప్ ఇచ్చిన బిరుదు మాత్రం ఉండిపోయింది. అయిదు వందల ఏళ్ళయినా నాణేల మీద దాన్ని చెరపలేదు. ఇంగ్లిషువాళ్ళ తీరే అంత.

హెన్రీ తర్వాత వచ్చిన కొడుకు కాలంలో చర్చి బాగా ప్రొటెస్టెంట్ వైపు జరిగింది. 1553లో కూతురు మేరీ సింహాసనమెక్కి దాన్ని మళ్ళీ పోప్ దగ్గరికి చేర్చింది. ఒప్పుకోనివాళ్ళను తగలబెట్టించింది. ఆమె ఏలిన అయిదేళ్ళలో అలా కాలిపోయినవారు దాదాపు 280 మంది. రోడ్డుమీది సిలువ అందులో ముగ్గురిది.

కుడిచెయ్యి ముందు కాలాలి

1555 అక్టోబరు 16న ఇక్కడే లాటిమర్, రిడ్లీ అనే ఇద్దరు బిషప్పులను ఒకే స్తంభానికి కట్టి నిప్పంటించారు. వాళ్ళు చేసిన నేరం, రొట్టె నిజంగా క్రీస్తు శరీరంగా మారిపోతుందన్న మాటను ఒప్పుకోకపోవడం. పీఠమా, బల్లా అన్న ప్రశ్నే! ముసలాయన లాటిమర్ త్వరగానే పోయాడు. రిడ్లీ వైపు కట్టెలు సరిగ్గా అంటుకోక చాలాసేపు నరకం అనుభవించాడు. ఆ మంటల సెగకు మాడాయని చెప్పే పాత తలుపులు బేలియల్ కాలేజీలో ఇప్పటికీ ఉన్నాయి.

మూడో మనిషి థామస్ క్రాన్మర్. కాంటర్‌బరీ ఆర్చిబిషప్. ఆంగ్లికన్ల ప్రార్థన పుస్తకాన్ని 1549లో తయారుచేసిన మనిషి. ఆయన ఉన్న జైలు గది తలుపు కొద్ది అడుగుల దూరంలోని సెయింట్ మైకేల్ చర్చి గోపురంలో ఉంది. నెలల తరబడి జైల్లో ఉంచి, వాదించి, బెదిరిస్తే క్రాన్మర్ లొంగిపోయాడు. ‘నేను రాసినవన్నీ తప్పే’ అని ఒకటికి నాలుగుసార్లు సంతకాలు పెట్టాడు. అయినా వదల్లేదు. 1556 మార్చి 21న వాన పడుతుండడంతో ముందుగా సెయింట్ మేరీ చర్చిలోకి తీసుకెళ్ళి, జనం ఎదుట తప్పు ఒప్పుకొమ్మన్నారు.

హై స్ట్రీట్‌లోని ఆ చర్చికి వెళ్తే, లోపల ఎడమ వైపు ఓ స్తంభానికి చెక్కేసినట్టు చిన్న గాటు కనిపిస్తుంది. క్రాన్మర్‌ను నిలబెట్టిన వేదిక కోసం చెక్కిన గాటే అదని అక్కడివాళ్ళు చూపిస్తారు. ఆ వేదిక ఎక్కి ఆయన అందరూ ఎదురుచూస్తున్న మాట చెప్పలేదు. భయంతో పెట్టిన సంతకాలన్నీ వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఆ సంతకాలు పెట్టిన కుడిచెయ్యే ముందు కాలాలన్నాడు. లాక్కెళ్ళి స్తంభానికి కడితే, అన్నట్టే ఆ చేతిని తానే మంటలో పెట్టాడు.

నేను ఆ గాటు మీద వేలు పెట్టి చూశాను. ధైర్యవంతుల కథలు చాలా చదివాం. ఒకసారి కాదు, పలుమార్లు భయపడి లొంగిపోయి, చివరి గంటలో లేచి నిలబడినవాడి కథ మాత్రం వేరేగా తగులుతుంది.

అదే చర్చి దక్షిణ ద్వారం చూడండి. పిండిన బట్టలా మెలితిరిగిన రెండు రాతి స్తంభాలు, పైన బిడ్డనెత్తుకున్న మరియమాత. కట్టింది 1637లో. అప్పటికి ఎనభై ఏళ్ళుగా ఇది ప్రొటెస్టెంట్ దేశం! విశ్వవిద్యాలయ ఛాన్సలర్‌గా ఉన్న ఆర్చిబిషప్ లాడ్‌కు పీఠాలన్నా, అందమైన పూజన్నా ఇష్టం. ‘విగ్రహాలు తిరిగి తెస్తున్నాడు, లోలోపల కేథలిక్కే’ అని గిట్టనివారు అన్నారు. 1642లో పార్లమెంటు సైనికులు వచ్చి ఈ విగ్రహం మీద తుపాకులు పేల్చారు. తర్వాత లాడ్ మీద జరిగిన విచారణలో ఈ విగ్రహమూ ఓ సాక్ష్యమైంది. 1645లో ఆయన తల నరికారు. లోపల కేథలిక్కులు చంపించిన ఆర్చిబిషప్ జ్ఞాపకం, గుమ్మం దగ్గర ప్రొటెస్టెంట్లు చంపించిన ఆర్చిబిషప్ జ్ఞాపకం. రెంటికీ మధ్య దూరం యాభై అడుగులుండదేమో.

మరి రెండోవైపువాళ్ళు?

బ్రాడ్ స్ట్రీట్ సిలువను వెతికి చూసేవాళ్ళు కొందరైనా ఉంటారు. హాలీవెల్ స్ట్రీట్ చివర ఇంటిగోడకు పెట్టిన రాతి ఫలకం దగ్గర మేం నిలబడిన పావుగంటలో ఒక్కరూ ఆగలేదు. ఎలిజబెత్ రాణి కాలంలో, 1589 జులై 5న నలుగురు కేథలిక్కులను అక్కడ చంపారు. ఇద్దరు ప్రీస్టులు, ఓ పెద్దింటి కుర్రాడు. నాలుగో మనిషి ఓ సత్రంలో పనివాడు. ప్రీస్టులకు ఆశ్రయమిచ్చినవారికి సాయం చేశాడని ఉరితీశారు. ఎలిజబెత్ ఏలుబడిలో ప్రాణాలు పోగొట్టుకున్న కేథలిక్ ప్రీస్టులే నూరుమందికి పైగా ఉన్నారు. బ్రాడ్ స్ట్రీట్ బిషప్పుల పేరుతో 1843లోనే పెద్ద స్మారక శిఖరం లేచింది. ఈ నలుగురికి ఆ ఫలకం వచ్చింది 2008లో.

ఆ స్మారక శిఖరానిదీ ఓ సరదా కథ. అచ్చం చర్చి గోపురంలా ఉంటుంది. ‘చర్చంతా నేల కిందుంది, మెట్లు దిగి చూడండి’ అని కాలేజీ కుర్రాళ్ళు టూరిస్టులను నమ్మిస్తారట. పక్కన మెట్లు దిగితే ఒకప్పుడు మరుగుదొడ్లు ఉండేవని మా పిన్ని కూతురు నవ్వుతూ చెప్పింది.

కలిసిపోయిన ఎముకలు

క్రైస్ట్ చర్చ్ కాలేజీ దగ్గర పెద్ద క్యూ ఉంది. హ్యారీ పోటర్ సినిమాలో కనిపించే మెట్లు ఇక్కడివే మరి. పిల్లలంతా కేరింతలు కొడుతూ ఆ మెట్ల దగ్గర ఫొటోలు దిగుతున్నారు. అదే టికెట్టు మీద కాలేజీలోని కేథెడ్రల్ కూడా చూడొచ్చు. అక్కడ మాత్రం జనం పలుచగా ఉన్నారు. నన్నడిగితే, ఈ ఊళ్ళో చూడాల్సిన మొదటి చోటు ఇదే.

ఆక్స్‌ఫర్డ్‌కు గ్రామదేవత లాంటిది సెయింట్ ఫ్రైడ్‌స్వైడ్. వెయ్యేళ్ళకు పూర్వపు సన్యాసిని. ఆమె ఎముకలున్న సమాధి దగ్గరికి జబ్బు నయమవుతుందని జనం తరలివచ్చేవారు. హెన్రీ కాలంలో, 1538లో ఆ సమాధిని పగలగొట్టారు. ఎముకలను మాత్రం ఎవరో దాచారు.

కొన్నేళ్ళకు పీటర్ మార్టర్ వెర్మిలీ అనే ఇటలీ ప్రొటెస్టెంట్ పండితుడు ఇక్కడ పాఠాలు చెప్పడానికి భార్య క్యాథరిన్‌తో వచ్చాడు. ఆయన ఒకప్పుడు సన్యాసి, ఆమె ఒకప్పుడు సన్యాసిని. ఇద్దరూ ఆ జీవితం వదిలి పెళ్ళిచేసుకున్నారు. 1553లో క్యాథరిన్ చనిపోతే, ఫ్రైడ్‌స్వైడ్ సమాధి ఉన్నచోటికి దగ్గర్లోనే పాతిపెట్టారు. మేరీ రాణి వచ్చాక కేథలిక్కులకు ఇది భరించరానిదైంది. మొక్కు తప్పి పెళ్ళాడిన మనిషి పుణ్యవతి పక్కనా! శవాన్ని తవ్వి తీసి, పెంటకుప్పలో పారేశారు.

మేరీ పోయింది, ఎలిజబెత్ వచ్చింది. క్యాథరిన్ ఎముకలను మళ్ళీ గౌరవంగా పూడ్చాలనుకున్నారు. అప్పుడు జేమ్స్ కాఫ్‌హిల్ అనే చర్చి అధికారికి ఓ ఆలోచన వచ్చింది. దాచిన ఫ్రైడ్‌స్వైడ్ ఎముకలు సంచుల్లో బయటపడ్డాయి. ఆ ఎముకలనూ ఈ ఎముకలనూ కలిపేసి, ఒకే గోతిలో పాతించాడు. ఇక రేపు ఏ రాణి వచ్చినా, ఏ మతం గెలిచినా, ఒకరిని పూజించి ఇంకొకరిని పెంటలో పారేయడం ఎవరి తరమూ కాదు. ఏది ఎవరి ఎముకో తెలిస్తే కదా!

మంచితనమో, ఎకసెక్కమో చెప్పడం కష్టం. కాఫ్‌హిల్ గట్టి ప్రొటెస్టెంట్. పుణ్యవతుల ఎముకలకు మొక్కడాన్ని వెక్కిరించడమే అతని ఉద్దేశమని చరిత్రకారులు చాలామంది అంటారు. కావచ్చు. కానీ జరిగిందేమిటి? ఇప్పుడు ఆ నేలమీద ఫ్రైడ్‌స్వైడ్ పేరు చెక్కిన పలక ఉంది. పగలగొట్టిన పాత సమాధి పీఠం ముక్కలు దొరికితే వాటినీ పేర్చి నిలబెట్టారు. అక్కడ కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు తెలిసో తెలియకో ఇద్దరికీ వెలిగిస్తున్నారు. మేం వెళ్ళినప్పుడు ఓ ముసలామె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కేథలిక్కో, ప్రొటెస్టెంటో అడగాలనిపించలేదు.

ఎలిజబెత్ పరిష్కారాలన్నీ ఇలాంటివే. 1559 నాటి ప్రార్థన పుస్తకంలో రొట్టె చేతికిస్తూ చెప్పాల్సిన మాటలు చూడండి. క్రాన్మర్ మొదటి పుస్తకంలో, ఇది క్రీస్తు శరీరమన్న అర్థం వచ్చే వాక్యం ఉండేది. రెండో పుస్తకంలో దాన్ని తీసేసి, జ్ఞాపకం చేసుకుంటూ తినమన్న వాక్యం పెట్టారు. ఎలిజబెత్ కాలంవాళ్ళు రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టేశారు! పీఠం అనుకునేవాడు మొదటిదాన్ని పట్టుకుంటాడు, బల్ల అనుకునేవాడు రెండోదాన్ని. మోకరించడం మాత్రం అందరూ ఒకే కమ్మీ దగ్గర.

ఆదివారం రెండు చర్చిలు

సార్ మాటల్లోని ‘కొట్లాట’ ఇప్పుడెలా ఉందో చూద్దామని ఆదివారం రెండు చోట్లకు వెళ్ళాం. పొద్దున సెయింట్ మేరీ మాగ్డలెన్. బిషప్పుల స్మారక శిఖరానికి ఆనుకునే ఉంటుంది. లోపలికి అడుగుపెడుతూనే సాంబ్రాణి వాసన. జరీ అంగీలు, గంటలు, మరియమాత. గుంటూరులో ఏదో కేథలిక్ గుడికి వచ్చామేమోననిపించింది. సాయంత్రం క్రైస్ట్ చర్చ్ ఎదురుగా ఉన్న సెయింట్ ఆల్డేట్స్‌కు వెళ్ళాం. గిటార్లు, డ్రమ్ములు, తెరమీద పాటలు, కాలేజీ పిల్లలు చేతులెత్తి పాడుతున్నారు. పాస్టర్ మామూలు చొక్కాలో ఉన్నాడు. రెండూ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చర్చిలే, రెండూ ఆక్స్‌ఫర్డ్ డయోసిస్‌లోవే. ‘‘ఒకే కంపెనీకి రెండు బ్రాండ్లలా ఉంది కదక్కా’’ అంది మా పిన్ని కూతురు. మార్కెటింగ్ ఉద్యోగం మరి.

పోగొట్టుకున్న సాంబ్రాణి తిరిగి రావడం వెనక ఈ ఊరిదే మరో కథ ఉంది. 1833 జులై 14న సెయింట్ మేరీ చర్చిలో జాన్ కీబుల్ అనే పండితుడు, చర్చి వ్యవహారాల్లో ప్రభుత్వం చేయి పెట్టడాన్ని తప్పుపడుతూ ప్రసంగించాడు. ఆ చర్చి వికార్ జాన్ హెన్రీ న్యూమన్ అందుకున్నాడు. ఎడ్వర్డ్ పూసీ తోడయ్యాడు. మనది హెన్రీ పుట్టించిన చర్చి కాదు, అపొస్తలుల నుంచి వస్తున్న కేథలిక్ చర్చే, పోప్ లేడంతే అన్నది వాళ్ళ వాదన. దేశమంతా గగ్గోలు లేచింది. బిషప్పుల స్మారక శిఖరం కట్టించిందే వీళ్ళకు బుద్ధి చెప్పడానికి!

మధ్య దారిని సమర్థిస్తూ సమర్థిస్తూ న్యూమన్‌కే ఆ దారిమీద నమ్మకం పోయింది. ఊరికి అయిదు కిలోమీటర్ల దూరంలోని లిటిల్‌మోర్‌లో, గుర్రాలశాలను మార్చి చేసిన ఇరుకు గదుల్లో ఉండిపోయాడు. 1845 అక్టోబరులో ఓ రాత్రి జోరువానలో ఇటలీ ప్రీస్టు డొమినిక్ బార్బెరీ తడిసిముద్దయి వచ్చి, పొయ్యి దగ్గర బట్టలు ఆరబెట్టుకుంటుంటే, న్యూమన్ వచ్చి ఆయన పాదాల దగ్గర మోకరించాడు. ఆ మర్నాడు, 9న కేథలిక్ అయ్యాడు. మేం సిటీ బస్సులో వెళ్ళి చూశాం. కేథలిక్ సిస్టర్లు చూసుకుంటున్న చిన్న ప్రాంగణం, పూలమొక్కలు, ఓ ఇరుకు మంచం. మహా నిశ్శబ్దం.

కీబుల్, పూసీ మాత్రం కదల్లేదు. ప్రాణస్నేహితులు ముగ్గురూ విడిపోయారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1865లో న్యూమన్ హర్స్‌లీలో కీబుల్ ఇంటి గుమ్మం దగ్గరికి వెళితే, ఎదురొచ్చిన కీబుల్ ఆయన్ని గుర్తుపట్టలేదు. ఆయనా కీబుల్‌ను గుర్తుపట్టలేదు. అనుకోకుండా ఆ రోజు పూసీ కూడా అక్కడే ఉన్నాడు. ముగ్గురు ముసలివాళ్ళూ కలిసి భోంచేశారు. అదే ఆఖరుసారి. మరుసటేడే కీబుల్ పోయాడు.

ఆయన పేరుమీద 1870లో కట్టిన కీబుల్ కాలేజీ ప్రార్థనామందిరంలోకి వెళ్తే మీకో పాత నేస్తం కనిపిస్తుంది. చేతిలో లాంతరు పట్టుకుని, రాత్రివేళ ముళ్ళకంపలు అల్లుకున్న తలుపు తడుతున్న యేసు బొమ్మ. మన క్రైస్తవుల ఇళ్ళలో క్యాలెండర్ల మీద, గోడల మీద ఎన్నిసార్లు చూసుంటాం! హోల్మన్ హంట్ గీసిన ఆ అసలు బొమ్మ ఇక్కడే ఉంది. ఆ తలుపుకు బయట గొళ్ళెం ఉండదు, గమనించండి. లోపలివాళ్ళే తీయాలి.

నంద్యాల దాకా వచ్చిన గొడవ

ఇప్పుడు సార్ కథ. ఆంగ్లికన్లలోని రెండు మొగ్గులూ ఓడలెక్కి మన దగ్గరికీ వచ్చాయి. మచిలీపట్నంలో నోబుల్ కాలేజీ పెట్టిన సి.ఎం.ఎస్. మిషన్‌ది ప్రొటెస్టెంట్ మొగ్గు. నంద్యాల ప్రాంతంలో పనిచేసిన ఎస్.పి.జి. మిషన్‌ది రెండోవైపు మొగ్గు. 1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ లోకంలోనే తొలి భారతీయ బిషప్. తెల్లవాళ్ళు వాళ్ళ దేశంలో పడ్డ గొడవలకు మన పల్లెల్లో ఇన్ని రకాల చర్చిలెందుకు అన్నది ఆయన బాధ. అన్నీ కలవాలని ఆయన కోరుకున్నాడు. 1945 జనవరి 1న కన్నుమూశాడు కాబట్టి చూడలేకపోయాడు గానీ, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. మనం సి.ఎస్.ఐ. అంటామే, అదే.

మనకది శుభవార్త. ఆక్స్‌ఫర్డ్ సాంబ్రాణి చర్చిల వారసులకు మాత్రం పిడుగుపాటు. ఎందుకంటే వాళ్ళ లెక్కలో బిషప్ తలమీద చేతులుంచడమంటే, దీపం నుంచి దీపం వెలిగించినట్టు, అపొస్తలుల నుంచి తెగకుండా వస్తున్న వరుస. మెథడిస్టు అయ్యగార్ల తలమీద బిషప్ చెయ్యి పడలేదు. వాళ్ళతో కలిస్తే వరుస తెగినట్టే. అసలు ఆంగ్లికన్ల వరుస కూడా ఎప్పుడో తెగిపోయింది, చెల్లదు పొమ్మని 1896లోనే పోప్ తేల్చేశాడు. వీళ్ళకు అదో మానని పుండు. దానికి తోడు ఇది! కవి టి.ఎస్. ఎలియట్ పేరు వినే ఉంటారు. 1927లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఫిన్‌స్టాక్ చర్చిలో బాప్తిస్మం తీసుకుని ఆంగ్లికన్ అయ్యాడు. ఆ ఎలియట్ మన దక్షిణ భారత చర్చిల కలయికకు వ్యతిరేకంగా 1943లో ఓ కరపత్రమే రాశాడు. ఇది ఏకం చేయడం కాదు, నాశనం చేయడమన్నది ఆయన ఫిర్యాదు. తర్వాత అయిదేళ్ళకు నోబెల్ బహుమతి అందుకున్న ఆ మహాకవి, కర్నూలు జిల్లా పల్లెల్లో ఎవరు రొట్టె విరవాలన్న దానిమీద తల పట్టుకున్నాడన్నమాట!

నంద్యాల ప్రాంతంలో కొందరు సి.ఎస్.ఐ.లో చేరారు. చాలామంది చేరలేదు. మేం ఆంగ్లికన్లుగానే ఉంటామని కలకత్తా మెట్రోపాలిటన్ కింద ఉండిపోయారు. 1963లో నంద్యాల విడిగా ఓ డయోసిస్ అయింది. సార్ వాళ్ళ నాన్న చేరనివాళ్ళ వైపు, చిన్నాయన చేరినవాళ్ళ వైపు. ‘‘మా నాయన చదివింది అయిదో తరగతి. అపొస్తలుల వరుస అంటే ఆయనకేం తెలుసు? మా తాత మోకరించిన పీఠం ఇది, దీన్ని మార్చేదానికి నువ్వెవరు అని తమ్మునితో అన్నాడంట. మా చిన్నాయన, అన్నా మన అజరయ్య బిషప్పు సొంత మాట ఇది, నువ్వు తెల్లోళ్ళ మాట ఇంటాండావు అన్నాడంట. అంతే. పండగనాడు మా అమ్మ గిన్నెలో పాయసం పంపేది. గిన్నె కడిగి తిరిగొచ్చేది. మనుషులు మాత్రం వచ్చేటోళ్ళు కాదు’’ అని చెప్పారు సార్.

1975లో నంద్యాల డయోసిస్ సి.ఎస్.ఐ.లో కలిసింది. అప్పటికి అన్నకు కాళ్ళు పడిపోయాయి. తమ్ముడే చేతులమీద మోసుకెళ్ళి గుడిలో తన పక్కన కూర్చోబెట్టాడట.

పాత వరుస తప్పకూడదని అందరికన్నా గట్టిగా పట్టుబట్టిన ఆ నంద్యాలలోనే, 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్ ఆమే. ఇంగ్లండు చర్చికి తొలి మహిళా బిషప్ వచ్చింది 2015 జనవరిలో! నేను తిరిగొచ్చాక వరసగా వార్తలొచ్చాయి. అక్టోబరు మొదట్లో శారా ముల్లల్లీ కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఎంపికయ్యారు. క్రాన్మర్, లాడ్ కూర్చున్న ఆ పీఠానికి ఓ మహిళ ఎంపిక కావడం అదే మొదటిసారి. అదే నెల 23న వాటికన్‌లోని సిస్టైన్ చాపెల్‌లో రాజు చార్లెస్, పోప్ పద్నాలుగో లియో కలిసి ప్రార్థన చేశారు. నవంబరు 1న అదే పోప్, ఒకనాటి ఆంగ్లికన్ న్యూమన్‌ను కేథలిక్ చర్చి మహాపండితుల వరుసలో చేర్చారు.

ఫొటో ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి సార్‌కు ఇచ్చాను. కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. ‘‘ఇంతేనా? ఇంత చిన్నదా?’’ అన్నారు. ఫ్రైడ్‌స్వైడ్, క్యాథరిన్ ఎముకల కథ చెబితే పడీ పడీ నవ్వారు. తలుపు దాకా వచ్చి వెనక్కి పిలిచారు.

‘‘పాపా, ఇట్లాంటిదే ఇంకోటి కట్టించు. దుడ్లు నేనిస్తా. మా చిన్నాయన కొడుకు ఆళ్ళగడ్డలో ఉండాడు. వానికీ ఒకటి ఇయ్యాల.’’